మూర్ఛకు ఉల్లిపాయ మందవుతుందా?

మొన్న ఉగాది వేడుకలకు వచ్చినవారికి ఆ సంగతి గుర్తుండే ఉంటుంది. పిల్లల నాటిక అయిపోయి, భోజనాలకు లేవండని మైకులో చెబుతుండగా, హాలు వెనక వరసలో పన్నెండేళ్ళ కుర్రవాడొకడు కుర్చీలోంచి కిందికి జారి కాళ్ళూ చేతులూ కొట్టుకోవడం మొదలుపెట్టాడు. క్షణంలో చుట్టూ గుంపు చేరింది. ఒకాయన కారు తాళాల గుత్తి తీసి వాడి గుప్పిట్లో కుక్కబోయారు. ఇంకొకరు పళ్ళ మధ్య చెంచా పెట్టమన్నారు. వంటగది వైపు నుంచి వాడి నాయనమ్మగారు సగానికి కోసిన ఉల్లిపాయతో పరుగెత్తుకొచ్చి ముక్కు దగ్గర పెట్టారు. ఆ పూట హాలులో డాక్టర్లం నలుగురం ఉన్నాము. మేము చేసిందల్లా పిల్లవాణ్ణి ఒక పక్కకు ఒత్తిగిలజేసి, తలకింద ఎవరిదో శాలువా మడిచిపెట్టి, నోట్లో ఎవరినీ ఏమీ పెట్టనివ్వకుండా, గడియారం చూస్తూ కూర్చోవడమే. రెండు నిమిషాలకు ఆగింది. అయిదు నిమిషాలు దాటితే అంబులెన్సుకు ఫోను చేయాలి. ఆ అవసరం రాలేదు.

"చూశావా నాయనా, ఉల్లిపాయకు కట్టుబడింది" అన్నారు నాయనమ్మగారు. ఆ మాటకొస్తే తాళాలాయన కూడా తన తాళాలకే తగ్గిందని చెప్పుకోవచ్చు. చాలా ఫిట్స్ రెండు మూడు నిమిషాల్లో వాటంతటవే ఆగుతాయి. చివరి క్షణంలో ఎవరి చేతిలో ఏముంటే దానికే పేరు వస్తుంది.

వారం తరవాత వాళ్ళింటికి వెళ్ళాము. అక్కడ తెలిసిన అసలు విషయం వేరు. పిల్లవాడికి రెండేళ్ళుగా మూర్ఛ ఉంది. మాత్రలు వాడుతున్నారు. ఎనిమిది నెలలుగా ఒక్క ఫిట్ కూడా లేదు. ఇంజనీరైన తండ్రిగారు ఎక్కడో చదివి, ఫ్లేవొనాయిడ్లనే చెట్ల సరుకు మూర్ఛను అడ్డగిస్తుందని తెలుసుకుని, క్వెర్సెటిన్ గుళికల సీసా కొన్నారు. అది మొదలుపెట్టిన రెండు నెలలకు మాత్రలు సగం చేశారు. ఆ సంగతి పిల్లవాణ్ణి చూసే డాక్టరుకు చెప్పలేదు. మాత్రలు తగ్గించిన నాలుగో వారంలో వచ్చింది ఉగాది.

నాయనమ్మగారు మమ్మల్ని కూర్చోబెట్టి కాఫీ ఇచ్చి, నెమ్మదిగా అడిగారు. "ఆ గుళికలో ఉన్నది ఉల్లిపాయలో ఉండేదేనట గదా, మావాడు చెప్పాడు. ఎలుకల మీద తేల్చారట. మరి మేము ఉల్లిపాయ అంటే మూఢనమ్మకం, మీరు గుళిక అంటే సైన్సూనా?" ఆ పూట మేము నవ్వేసి ఊరుకున్నాము. నవ్వేసి ఊరుకోవలసిన ప్రశ్న కాదది. వారి అనుమతి తీసుకుని, పేర్లు లేకుండా, ఇక్కడ జవాబు రాస్తున్నాము.

ముందు రోగం గురించి రెండు మాటలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం భూమి మీద సుమారు 5 కోట్ల మందికి మూర్ఛ ఉంది. సరిగ్గా గుర్తించి, సరైన మందు సరిగా వాడితే వారిలో 70 శాతం దాకా ఫిట్స్ లేకుండా బ్రతకగలరు. మనవాళ్ళకు కొత్త రోగమేమీ కాదు. చరకసంహితలో అపస్మారం పేరుతో వర్ణన ఉంది. నటరాజ విగ్రహంలో కుడిపాదం కింద పడివున్న మరుగుజ్జు పేరు కూడా అపస్మారుడే. రోగం పాతదే, సిగ్గూ పాతదే. హిందూ వివాహ చట్టంలో పెళ్ళి చెల్లడానికి అడ్డయ్యే జబ్బుల జాబితా నుంచి మూర్ఛను తీసేయడానికి 1999 దాకా పట్టింది. ఆడపిల్లకు మూర్ఛ ఉందంటే ఈ దేశానికి వచ్చిన తరవాత కూడా మనవాళ్ళు దాస్తారు. డాక్టరు రాసిన మాత్ర సీసా కన్నా ఆకు పొడి పొట్లం దాచుకోవడం సులువు. దాన్ని చూసి ఎవరూ ఏ జబ్బుకని అడగరు. గుళికల మీద ఆశ పుట్టడానికి ఇదీ ఒక కారణమని మా అనుమానం.

ఇక ఫ్లేవొనాయిడ్లు. లాటిన్‌లో ఫ్లేవస్ అంటే పసుపుపచ్చన. రెండు బెంజీను చక్రాల మధ్య మూడు కర్బన పరమాణువుల వంతెన వేస్తే వీటి అస్థిపంజరం తయారవుతుంది. దాని మీద అక్కడొక కొమ్మా ఇక్కడొక రెమ్మా తగిలించుకుంటూ చెట్లు వేల రకాలు తయారుచేసుకున్నాయి. పూలకు రంగు, ఆకులకు ఎండ నుంచి రక్షణ వీటి పనులే. ఉల్లిపాయలో, మునగాకులో క్వెర్సెటిన్, బత్తాయి నారింజల్లో హెస్పెరిడిన్, పంపరపనసలో నారింజిన్, తేయాకులో కెటెకిన్లు, సోయాలో జెనిస్టీన్, సీమచామంతి పూలలో ఎపిజెనిన్. మన వంటింటి పసుపు రంగు మాత్రం ఈ కుటుంబంలోది కాదు. అందులోని కుర్కుమిన్ వేరే గోత్రం. చాలామంది పొరబడతారు గనక చెప్పాము.

వీటికి ఒకప్పుడు పెద్ద హోదా ఉండేది. విటమిన్ సి మీద పనిచేసి 1937లో నోబెల్ బహుమతి పొందిన హంగరీ శాస్త్రజ్ఞుడు సెంట్ జ్యార్జి, అంతకు ముందు ఏడాది, నిమ్మ నుంచీ మిరప నుంచీ తీసిన ఫ్లేవొనాయిడ్లకు విటమిన్ పి అని పేరు పెట్టాడు. అవి లేకపోతే వచ్చే ప్రత్యేకమైన జబ్బేదీ తేలలేదు. 1950లో ఆ పేరు వదిలేశారు.

అదే హంగరీలో అదే కాలంలో మన కథకు కావలసిన రెండో సంగతి జరిగింది. 1934లో బుడాపెస్టులో మెడూనా అనే వైద్యుడు, మూర్ఛ వస్తే పిచ్చి తగ్గుతుందన్న నమ్మకంతో, మతిచెడిన రోగులకు కావాలని మూర్ఛ తెప్పించడం మొదలుపెట్టాడు. దానికి ఆయన వాడినది కర్పూరం! కర్పూరం కూడా చెట్టు సరుకే, మన దేవుడి గూట్లోదే. తరవాత దాని బదులు పెంటిలీన్‌టెట్రజోల్ అనే మందు వాడాడు. ఆ వైద్యం పోయింది గాని, మందు మిగిలింది. ఇవాళ ప్రయోగశాలల్లో చిట్టెలుకలకు మూర్ఛ తెప్పించడానికి వాడేది ప్రధానంగా దాన్నే. అరగంట ముందు ఒక పదార్థం ఇచ్చి, ఆపైన ఈ సూది పొడిచి, ఫిట్ వచ్చిందా, ఎంత ఆలస్యంగా వచ్చింది, ఎలుక బ్రతికిందా అని చూస్తారు. ఫ్లేవొనాయిడ్లు మూర్ఛను ఆపుతాయి అని మీరు చదివే వార్తల్లో చాలాభాగం ఈ పరీక్ష నుంచే వస్తుంది.

కర్పూరం మాట వచ్చింది గనక ఇక్కడే చెప్పి ముందుకు పోతాము. పసిపిల్లలు కర్పూరం బిళ్ళ మింగితే నిమిషాల్లో ఫిట్స్ రావచ్చు. 2009లో న్యూయార్కులోని బ్రాంక్స్ వైద్యులు అలాంటి ముగ్గురు చిన్నపిల్లల సంగతి ప్రచురించారు. ముగ్గురికీ కారణం ఇంట్లో వాడిన కర్పూరమే. పూజ పళ్ళెం ఎత్తుగా పెట్టుకోండి.

ఎలుక పరీక్షలు ఉత్త మాటలని మేము అనడంలేదు. వాటి వెనక చక్కని తర్కం ఉంది. మెదడులో నాడీకణాలను అదిలించే రసాయనం గ్లూటమేట్, పట్టి ఆపే ముక్కుతాడు గాబా. ముక్కుతాడు సడలితే నాడీకణాలన్నీ ఒకేసారి కట్టు తెంచుకుంటాయి. అదే ఫిట్. 1963లో వచ్చిన వేలియమ్ మాత్ర ఈ ముక్కుతాడును బిగిస్తుంది. అది మెదడులో ఎక్కడ అతుక్కుంటుందో 1977లో కనిపెట్టారు. మరి మనిషి చేసిన మాత్ర కోసం మెదడులో ముందే తాళం ఎందుకుంది, దానికి సరిపోయే తాళంచెవి ప్రకృతిలో ఇంకెక్కడైనా ఉందా అని వెతకడం మొదలైంది. బ్యునోస్ ఐరిస్ నగరంలో పలడీని, మెడీనా అనే శాస్త్రజ్ఞుల బృందానికి నీలి పేషన్ పువ్వు తీగలో ఒకటి దొరికింది. మన పెరళ్ళలో కృష్ణకమలమనీ రాఖీపువ్వనీ పిలుచుకునే తీగకు దగ్గరి చుట్టమది. అందులోని క్రైసిన్ అనే ఫ్లేవొనాయిడ్ వేలియమ్ తాళంలోనే దూరుతుందని, పెంటిలీన్‌టెట్రజోల్ ఇచ్చిన చిట్టెలుకల్లో ఫిట్స్‌ను అడ్డుకుంటుందని 1990లో చూపించారు. 1995లో సీమచామంతిలోని ఎపిజెనిన్ కూడా అదే తాళంలో దూరుతుందని తేల్చారు. నిద్రపట్టనివాళ్ళకు చామంతి కషాయం ఇచ్చే యూరపు ముసలమ్మలు దీన్ని విని మన నాయనమ్మగారిలాగే "మేము ఎప్పుడో చెప్పలేదూ" అని ఉంటారు.

రెండో దారి కూడా ఉంది. ఫిట్ వచ్చినప్పుడు నాడీకణాల్లోకి కాల్షియం వెల్లువలా వస్తుంది. ఆక్సిజను తుంటరి రూపాలెత్తి కణాల గోడలను కాలుస్తుంది. ఆ చుట్టుపక్కల వాపు రసాయనాలు ఊరతాయి. ఆ వాపు వల్ల మెదడు ఇంకో ఫిట్‌కు ఇంకాస్త అనువుగా తయారవుతుంది. క్వెర్సెటిన్, రూటిన్, నారింజిన్, హెస్పెరిడిన్ వంటివి ఈ కాల్పునూ వాపునూ తగ్గిస్తాయని ఎలుకల్లో ఎన్నో ప్రయోగాలు ఉన్నాయి. ఇప్పటి మాత్రలు ఫిట్‌ను ఆపుతాయి గాని మూర్ఛరోగం పుట్టకుండా ఆపలేవు. ఆ పని చేసే మందు ఈ దారిలో దొరకవచ్చునన్న ఆశ శాస్త్రజ్ఞులకుంది. మాకూ ఉంది.

ఇంతవరకు తండ్రిగారిదే పైచేయి. ఇక అడ్డాలు చెబుతాము.

మొదటిది మోతాదు. ఎలుక బరువు కిలోకు 50 మిల్లీగ్రాముల క్వెర్సెటిన్ ఇచ్చారనుకుందాము. 40 కిలోల మన పిల్లవాడికి ఆ లెక్కన 2000 మిల్లీగ్రాములు కావాలి. నూరు గ్రాముల ఉల్లిపాయలో 30 మిల్లీగ్రాములుంటే, రోజుకు ఆరున్నర కిలోల పైమాట. మన పాత లెక్కలో అయిదు వీశెలకు దగ్గర. మందుల శాస్త్రంలో ఇలా కిలోకు కిలో లెక్కకట్టరు. శరీర వైశాల్యాన్ని బట్టి ఎలుక మోతాదును ఇంచుమించు పన్నెండుతో భాగిస్తారు. అప్పుడు అరకిలో ఉల్లిపాయలు చాలు. అదేమంత అసాధ్యం కాదు, పెసరట్టు మీద ఉల్లి ఇష్టంగా తినేవారికి అసలు కాదు! కాని ఎలుకలకు చాలాసార్లు ఆ పదార్థాన్ని పొట్టలోకి సూదితో ఎక్కిస్తారు. నోటితో తిన్నప్పుడు పేగు గోడా కాలేయమూ కలిసి క్వెర్సెటిన్‌కు తోకలు తగిలించి రూపం మార్చేస్తాయి. నెత్తుటిలో తిరిగేది ఎక్కువగా ఆ మారిన రూపమే. నెత్తురు నుంచి మెదడులోకి పోవడానికి ఇంకో కాపలా గోడ ఉంది. అది దాటేది స్వల్పం.

ఇక్కడ నాయనమ్మగారికి ఒక శుభవార్త. 1995లో నెదర్లాండ్స్‌లో పెద్దపేగు తీసేసిన వలంటీర్ల మీద పరీక్ష చేశారు. ఉల్లిపాయ రూపంలో తిన్న క్వెర్సెటిన్‌లో సగానికి పైగా ఒంటికి పట్టింది. విడిగా ఇచ్చిన శుద్ధ క్వెర్సెటిన్‌లో పావు వంతే పట్టింది. గుళికకూ ఉల్లిపాయకూ పోటీ పెడితే ఆవిడదే గెలుపు. వాసన చూపిస్తే మాత్రం ఏమీ రాదు. క్వెర్సెటిన్‌కు వాసనే లేదు.

రెండో అడ్డం ఇంకా గట్టిది. ఎలుకకు ఫిట్ తెప్పించే అరగంట ముందు మందు ఇస్తారు. ఎప్పుడు వస్తుందో ముందే తెలుసు. మన పిల్లలకు ఎప్పుడు వస్తుందో ఎవరికీ తెలియదు. పైగా చాలా పరీక్షల్లో ఆ ఎలుకకు మూర్ఛరోగమే లేదు, ఆరోగ్యంగా ఉన్న ఎలుకను ఒక్కసారి విషంతో వణికించారు. ఇన్నేళ్ళలో ఏ ఒక్క ఫ్లేవొనాయిడ్‌కూ మూర్ఛ మందుగా అనుమతి రాలేదు.

మూడోది ఒక కథ. 1882లో బర్టన్ అనే రసాయనవేత్త, వలేరియన్ వేరులో ఉండే ఆమ్లానికి దగ్గరి బంధువైన ఒక ద్రవం తయారుచేశాడు. ఎనభై ఏళ్ళపాటు దాన్ని ఇతర పదార్థాలు కరిగించుకునే ద్రవంగానే వాడారు. 1960ల మొదట్లో ఫ్రాన్సులో ఎమార్ అనే యువకుడు కెల్లిన్ అనే మొక్క సరుకు నుంచి తయారైన పదార్థాలు పరీక్షిస్తూ, అవి కరగకపోతే ఈ ద్రవంలో కరిగించాడు. ఎలుకల మీద వేస్తే ప్రతి పదార్థమూ మూర్ఛను ఆపింది! ఒకదానికొకటి పోలికలేని పదార్థాలు కూడా ఆపాయి. అనుమానం వచ్చి ఏమీ కలపకుండా ఉత్త ద్రవాన్ని ఇచ్చి చూశారు. అదీ ఆపింది. పనిచేసినది మొక్క సరుకు కాదు, దాన్ని కరిగించిన ద్రవం. అదే ఇవాళ లోకమంతా వాడే వాల్‌ప్రోయేట్ మందు.

మన పిల్లవాడి ఇంట్లో జరిగినది దీనికి అచ్చంగా జోడు. రోజూ రెండు పూటలా మాత్ర పడుతూనే ఉంది. గుళిక దాని మీద వచ్చి చేరింది. ఫిట్స్ లేవు. పేరు గుళికకు వచ్చింది. ఫ్రాన్సువాళ్ళు ఉత్త ద్రవాన్ని ఎలుక మీద పరీక్షించారు. తండ్రిగారు మాత్రను తగ్గించి, ఉత్త గుళికను సొంత కొడుకు మీద పరీక్షించారు. ఆ మాట ఆయనతో అన్నాము. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. మేము అంత కటువుగా అనవలసింది కాదేమో. మంచి చేద్దామనే చేశారాయన. కాని మూర్ఛ మాత్రలు హఠాత్తుగా తగ్గించినా మానినా, ఒక్కొక్కప్పుడు ఫిట్ మీద ఫిట్ వచ్చి తెరిపి లేకుండా సాగుతుంది. దాంతో ప్రాణాలు పోతాయి. మేము గుంటూరులో హౌస్ సర్జనీ చేసే రోజుల్లో, ఏవో పసర్లు నమ్మి మాత్రలు మాన్పించి, అలాంటి స్థితిలో మోసుకొచ్చిన వాళ్ళను చూశాము. అందరూ తిరిగి ఇంటికి నడిచి వెళ్ళలేదు.

మాత్రలు మానకుండా పక్కన వేసుకుంటే నష్టమేమిటి అంటారా? కొన్నిటికి నష్టమే ఉంది. 1989లో కెనడాలో ఒక రక్తపోటు మందుతో మద్యం సంగతి పరీక్షిస్తూ, మద్యం రుచి తెలియకుండా గ్రేప్‌ఫ్రూట్ రసం కలిపారు. రసం తాగినవారి నెత్తుటిలో మందు విపరీతంగా పెరిగింది. మొదట అనుమానం అందులోని ఫ్లేవొనాయిడ్ నారింజిన్ మీదికి పోయింది. తరవాత అసలు దొంగ ప్రధానంగా ఫ్యూరనోకూమరిన్లని తేలింది. పేగులో మందును విరిచే ఎంజైమును అవి పడగొడతాయి. 1998లో చండీగఢ్ వైద్యులు కార్బమజెపీన్ వాడే 10 మంది మూర్ఛరోగులకు ఆ రసం ఇచ్చి చూస్తే, నెత్తుటిలో మందు సుమారు 40 శాతం పెరిగింది. తూలడం, రెండుగా కనిపించడం, వాంతులు దాని ఫలితాలు. పంపరపనస కూడా ఆ జాతిదే. ఆ మందు వాడేవారు రెండిటికీ దూరంగా ఉండాలి.

కొన్ని దీనికి తలకిందులుగా పనిచేస్తాయి. బొంబాయి వైద్యులు ఫెనిటోయిన్‌తో చక్కగా ఉన్న ఇద్దరు రోగులకు హఠాత్తుగా ఫిట్స్ తిరగబెట్టడం గమనించారు. ఆరా తీస్తే ఇద్దరూ శంఖపుష్పి మందు కూడా తీసుకుంటున్నారు. నెత్తుటిలో ఫెనిటోయిన్ పడిపోయి ఉంది. ఎలుకల్లో పరీక్షించి చూస్తే అక్కడా అదే జరిగింది. ఆ వివరాలు 1992లో ప్రచురించారు. శంఖపుష్పి సిరప్ మనవాళ్ళు పిల్లలకు జ్ఞాపకశక్తి కోసం పోసేదే. జ్ఞాపకశక్తికని ఇక్కడి దుకాణాలు అమ్మే గింకో ఆకు సారంలో ఫ్లేవొనాయిడ్లు దండిగా ఉంటాయి. అయినా దాన్ని మూర్ఛరోగులు వాడవద్దనే మేము చెబుతాము. ఆ చెట్టు గింజల్లో ఫిట్స్ తెప్పించే విషం ఉంది. అన్ని మాత్రలకూ ఈ తగాదాలు లేవు. మన పిల్లవాడి మాత్ర లెవెటిరాసెటామ్‌కు చాలా తక్కువ. కాని ఏ మాత్రకు ఏది పడదో మీరు సీసా మీద చదివి తెలుసుకోలేరు, అక్కడ రాయరు.

చెట్టు నుంచి మూర్ఛ మందు రాదని మాత్రం అనుకోవద్దు. గంజాయి మొక్కలోని కెనబిడయోల్, మత్తు కలిగించని భాగం, దారి చూపించింది. అదీ ఎలుకలతోనే మొదలైంది. తరవాత డ్రవే వ్యాధి అనే మొండి మూర్ఛ ఉన్న 120 మంది పిల్లలనూ యువకులనూ రెండు గుంపులు చేసి, అందరి పాత మాత్రలూ కొనసాగిస్తూ, ఒక గుంపుకు మందు, ఇంకో గుంపుకు ఉత్త ద్రావకం ఇచ్చారు. ఎవరికేది పోతున్నదో ఇచ్చేవారికీ తెలియదు. మందు గుంపులో నెలకు ఫిట్స్ సుమారు 12 నుంచి 6కు దిగాయి. ఉత్త ద్రావకం గుంపులో ఇంచుమించు ఉన్నచోటే ఉన్నాయి. 2017లో ఆ ఫలితాలు వచ్చాయి. 2018లో అమెరికా ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. దానికీ నిద్రమత్తు, కాలేయానికి చికాకు వంటి బాధలున్నాయి. అవీ ఆ పరీక్షల్లోనే బయటపడ్డాయి. ఫ్లేవొనాయిడ్లు ఈ పరీక్షకు కూర్చోవలసి ఉంది. క్రైసిన్ నెగ్గుతుందో, క్వెర్సెటిన్ రూపం మార్చుకుని నెగ్గుతుందో, ఎవరూ నెగ్గరో!

పిల్లవాడు మళ్ళీ పూర్తి మోతాదులోకి వచ్చాడు, వాడి డాక్టరుగారి చేతిమీదుగానే. ఇంతవరకు ఫిట్స్ లేవు. రెండేళ్ళు ఏ ఫిట్సూ లేకుండా గడిస్తే, అప్పుడు మాత్రలు తగ్గించే మాట ఆ డాక్టరుగారే ఆలోచిస్తారు. తగ్గించినా నెలల తరబడి కొంచెం కొంచెంగా తగ్గిస్తారు. గుళికల సీసా మాకిచ్చేశారు. నాయనమ్మగారు మాత్రం మొన్న ఫోను చేశారు. "ఉల్లిపాయ పులుసు పెట్టొచ్చునా, అదీ మానాలా?" నిక్షేపంగా పెట్టండి మామ్మగారూ, మునగాకు పప్పూ చేయండి, బత్తాయిలూ ఇవ్వండి, మాత్ర వేళకు మాత్రం ఎదురుగా నిలబడి మింగించండి అని చెప్పాము.

వచ్చే నెల సమావేశం నాడు భోజనాల తరవాత ఒక గంట మేమూ, మా మిత్రులు మరో ఇద్దరు డాక్టర్లూ కాఫీ బల్ల పక్కన కూర్చుంటాము. ఇంట్లో మూర్ఛకు గాని, మరి దేనికి గాని మాత్రలు వాడుతున్నవారు, దానితోపాటు దేశం నుంచి వచ్చిన సిరప్పులు, పొడులు, ఇక్కడ కొన్న గుళికలు ఏవి ఉంటే అవి, డాక్టరు రాసిన మాత్రల సీసాలతో సహా ఒక సంచీలో వేసుకుని తీసుకురండి. ఏది దేనితో పడదో కలిసి చూద్దాము. పేరు చెప్పుకోవడం ఇష్టంలేనివారు చెప్పనక్కరలేదు, సంచీ చాలు.